పల్లాకు నేరం గట్టుదేనా? పామర్రు కలుపు మొక్కల్లో వైరసుల పాత్ర

కృష్ణా డెల్టాలోని పామర్రు, మొవ్వ, ఘంటసాల మాగాణుల్లో వరి కోతలై మినుము నాలుగాకులు వేసేసరికి, గట్ల మీది క్రోటన్ కలుపు అప్పటికే పసుపు తిరిగి ఉంటుంది. ఈనెలు మాత్రం బంగారు వలలా మెరుస్తాయి. ఈనెల మధ్యభాగం ఆకుపచ్చగానే ఉంటుంది. ఆకు తిప్పితే తెల్లదోమ లేస్తుంది. మినుముకు పల్లాకు తెగులు రాగానే రైతూ శాస్త్రవేత్తా ఈ గట్టునే వేలెత్తి చూపుతారు. నా అభ్యంతరం అక్కడే.

క్రోటన్ ఈనెలను పసుపుగా మార్చేది క్రోటన్ ఎల్లో వీన్ మొజాయిక్ వైరసు. మినుములో పల్లాకు తెచ్చేవి ముంగ్‌బీన్ ఎల్లో మొజాయిక్ వైరసు, దాని దగ్గరి బంధువులు. అన్నీ బెగోమోవైరసులే, అన్నిటినీ మోసేది తెల్లదోమే. కానీ మినుము వైరసులు పప్పుజాతిని దాటి రావడం అరుదు. ఆకు రంగు చూసి తీర్పు చెప్పేశాం. గట్టు శుభ్రం చేస్తే తెల్లదోమకు ఆశ్రయం తగ్గుతుందన్న మాట మాత్రం కాదనలేం.

పంట తెగులుకు కలుపునే దోషిగా చూసే ఈ ధోరణి బలపడింది అనంతపురంతో. 2000 ఖరీఫ్‌లో అక్కడ సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను టొబాకో స్ట్రీక్ వైరసు దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. వయ్యారిభామ (పార్థీనియం) కలుపు ఏ లక్షణమూ చూపకుండా ఈ వైరసును మోస్తుందనీ, దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని పంటకు చేరుతుందనీ ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో ప్రసాదరావు బృందం తేల్చింది. ఆ పనిలో వంక పెట్టడానికి లేదు. అయితే వాళ్ళు వయ్యారిభామను వేరుశనగ వైపు నుంచే చూశారు. ఒంట్లో వైరసు పెట్టుకుని కూడా నిండుగా పూసే మొక్కకు ఆ వైరసు ఏం చేస్తోంది? పంట నష్టం లెక్కగట్టే శాస్త్రానికి ఈ ప్రశ్న పట్టలేదు.

పట్టినవాళ్ళకు దొరికింది చూడండి. అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినేలల మీద బతికే ఒక గడ్డి ఉంది. దాని లోపల కర్వులేరియా శిలీంధ్రం, ఆ శిలీంధ్రంలో ఒక వైరసు. మూడూ కలిసి ఉన్నప్పుడు గడ్డి 65 డిగ్రీల నేల వేడిని ఓర్చుకుంటుంది. వైరసును తొలగిస్తే శిలీంధ్రం ఉండీ లాభం లేదు; తిరిగి ఎక్కిస్తే ఓర్పు తిరిగొస్తుంది. మార్కెజ్, రూసింక్ తదితరులు 2007లో ప్రకటించిన ఫలితమిది. మరుసటి ఏడాది రూసింక్ బృందమే నీళ్ళు ఆపేసి చూసింది. బ్రోమ్ మొజాయిక్ వైరసు సోకిన వరి, సోకని వరికన్నా ఆలస్యంగా వడలింది. వరి మనదే కదా! డెల్టా పరిశోధకులకు ఇంతకన్నా దగ్గరి ఆధారం ఏం కావాలి?

వేసవిలో కాలువలు కట్టేశాక పామర్రు గట్ల మీద పంటమొక్క నిలవదు, కలుపు నిలుస్తుంది. దాని మొండితనాన్ని వేరు లోతుకే అంటగట్టడం అలవాటైంది. వైరసుకూ అందులో వాటా ఉందని నా అభిప్రాయం. క్రోటన్ విషయంలో ఇంకో మాట కూడా అనొచ్చు: వైరసు ఆ మొక్క జోరుకు కళ్ళెం వేస్తుండొచ్చు, అందుకేనేమో గట్టంతా దాని పరం కాలేదు. ఒకచోట ఓర్పు ఇచ్చి, మరోచోట అదుపు చేసి, డెల్టా గట్ల మీద ఏ మొక్క ఎంత ఉండాలో నిర్ణయించడంలో వైరసులకూ పాత్ర ఉండొచ్చు. గట్ల మీద కలుపు మందు కొట్టించే సలహాలు పల్లాకు లెక్క ఒక్కటే చూస్తున్నాయి. ఆరోగ్యంగా కనిపించే గట్టు మొక్కల్ని కూడా ఏడాది పొడవునా పరీక్షించి, వేసవి ఎండలో వైరసు ఉన్నవీ లేనివీ ఎన్ని మిగులుతున్నాయో లెక్కించడం తక్షణం జరగాల్సిన పని.