క్యారమెల్: ఒకే పేరుతో మూడు పదార్థాలు

చక్కెరను గిన్నెలో వేసి నీరు పోయకుండా వేడి చేస్తే మొదట కరుగుతుంది. క్రమంగా తేనె రంగుకు, ఆపై ముదురు గోధుమ రంగుకు మారుతుంది. తీపి తగ్గి, దానికి కమ్మని చేదు తోడవుతుంది. ఇదే క్యారమెల్. అయితే కస్టర్డ్‌పై కనిపించే క్యారమెల్, మిఠాయి పొట్లంలోని క్యారమెల్, శీతల పానీయం సీసాపై ముద్రించిన క్యారమెల్ ఒకటి కావు. వాటి తయారీ విధానాలు వేరు, వాటిని వినియోగదారుడు పరిశీలించవలసిన తీరూ వేరు.

పాకం దాటిన తరువాత

తీగ పాకం, ముదురు పాకం తెలుగు వంటిళ్లకు సుపరిచితాలు. ఈ దశల్లో పాకంలో ఇంకా నీరు మిగిలి ఉంటుంది, చక్కెర చక్కెరగానే ఉంటుంది. నీరంతా ఆవిరై ఉష్ణోగ్రత సుమారు 160 నుంచి 170 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు చక్కెర అణువులు విడిపోయి, నీటిని కోల్పోయి, కొత్త సమ్మేళనాలుగా మారుతాయి. గోధుమ రంగు, వెన్నను తలపించే పరిమళం, చిరుచేదు వాటి వల్ల కలిగేవే. పండ్లలో, తేనెలో ఉండే ఫ్రక్టోజ్‌లో ఈ మార్పు సుమారు 110 డిగ్రీల వద్దే మొదలవుతుంది. తేనె కలిపిన కేకులు త్వరగా రంగు తిరగడానికి ఇదొక కారణం.

పాకం పలుకు కట్టకుండా నిమ్మరసం పిండే పద్ధతి క్యారమెల్‌కూ వర్తిస్తుంది. అయితే ఇక్కడ జాగ్రత్త ఎక్కువ అవసరం. ఇది మరిగే నీటికన్నా ఎంతో వేడిగా ఉండి చర్మానికి అంటుకుపోతుంది. అందులో నీరు ఒక్కసారిగా పోస్తే పైకి చిమ్ముతుంది.

పాలు కలిసినప్పుడు

మిఠాయిగా అమ్మే మెత్తని క్యారమెల్‌లో పాలు, వెన్న ఉంటాయి. దాని రంగు, రుచి ప్రధానంగా పాలలోని ప్రొటీన్లు చక్కెరలతో జరిపే చర్య వల్ల ఏర్పడతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో వివరించిన ఈ చర్యకు ఆయన పేరే స్థిరపడింది. అర్జెంటీనా, ఉరుగ్వేల ‘దుల్సే దె లెచే’కు, చక్కెరతో కోవాను చాలాసేపు వేయించి చేసే కర్ణాటకలోని ధార్వాడ పేడాకు గోధుమ రంగు ప్రధానంగా ఇలాగే వస్తుంది.

భారతీయ రుచుల్లో

బెంగాల్‌లో మిష్టి దోయికి లేత ఎరుపు రంగు వచ్చేందుకు క్యారమెల్‌గా మార్చిన చక్కెరను పాలలో కలిపి తోడు పెడతారు. ఒడిశాలోని ఛెనాపోడ పైపొర, పాల విరుగుడులోని చక్కెర నిప్పుసెగకు మారడం వల్ల ఎర్రబడుతుంది. కేరళ క్రిస్మస్ కేకుకు నల్లని ఛాయనిచ్చేది ముదురుగా కాచిన చక్కెర పానకమే.

2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి 55వ సమావేశంలోనూ ఈ పదార్థం చర్చకు వచ్చింది. ఉప్పు, మసాలా కలిపిన పాప్‌కార్న్‌కు విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్‌లో అమ్మితే 12 శాతం పన్ను వర్తిస్తుందని, క్యారమెల్ పాప్‌కార్న్‌కు 18 శాతం వర్తిస్తుందని అప్పట్లో స్పష్టత ఇచ్చారు. చక్కెర చేరడంతో అది మిఠాయి స్వభావాన్ని పొందుతుందన్నది అందుకు చెప్పిన కారణం.

లేబుల్‌పై సంఖ్య

మూడవది రంగు కోసం పరిశ్రమల్లో తయారుచేసే క్యారమెల్. కోలా పానీయాలు, సోయా సాస్, బీరు వంటి వాటిలో దీనిని వాడతారు. లేబుల్‌పై ఇది నాలుగు సంఖ్యలతో కనిపిస్తుంది. 150ఎ సాధారణ క్యారమెల్. స్కాచ్ విస్కీలో కలపడానికి అనుమతి ఉన్న రంగు ఇదొక్కటే. 150బి తయారీలో సల్ఫైట్లు, 150సిలో అమ్మోనియా, 150డిలో ఆ రెండూ వాడతారు. అమ్మోనియా వాడిన చివరి రెండు రకాల్లో 4-మిథైల్ ఇమిడజోల్ అనే పదార్థం స్వల్పంగా ఏర్పడుతుంది. జంతువులపై ప్రయోగాల ఆధారంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని ‘మానవులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న’ 2బి వర్గంలో చేర్చింది.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లో ఈ నాలుగు రంగులను పునఃపరిశీలించింది. శరీర బరువులో కిలోకు రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాముల వరకు తీసుకోవచ్చని, అందులో 150సి 100 మిల్లీగ్రాములు మించరాదని పేర్కొంది. కాబట్టి లేబుల్‌పై ‘క్యారమెల్’ అన్న మాట ఒక్కటే చూస్తే సరిపోదు. దాని పక్కనున్న సంఖ్యను, చివరి అక్షరాన్ని కూడా చదవాలి.