రేక్లా బండికి బ్రేకు లేదు

రేక్లా తేలికపాటి రెండు చక్రాల ఎద్దుబండి. తమిళనాట ఈ బండి పందేలు రెండు తీరులు. కోయంబత్తూరు, పొల్లాచ్చి, ఉడుమలైపేట వైపు 200, 300 మీటర్ల తిన్నని బాట మీద ఒక్కో జతనూ విడిగా తోలి, పట్టిన కాలం లెక్కగడతారు. దక్షిణాన శివకాశి, విరుదునగర్, కోవిల్‌పట్టి సీమలో గుడి తిరునాళ్లకు జరిగేది వేరు. తారురోడ్డు మీద బళ్లన్నీ ఒక్కసారే కదిలి, కొన్ని మైళ్లు పోయి, గుర్తు దగ్గర మలుపు తిరిగి మొదటికి రావాలి. పెద్ద ఎద్దులకు, చిన్న ఎద్దులకు, ‘పూంజిట్టు’ అనే లేత గిత్తలకు వేరువేరు పందేలు. ఈ నల్లరేగడి సీమలో ఇంట తెలుగు మాట్లాడే కమ్మవారు, రాజకంబళ నాయకర్లు తరతరాలుగా సేద్యం చేస్తున్నారు.

బండికి బ్రేకు ఉండదు. ముకుతాడు, పగ్గాలు, తోలేవాడి గొంతు, అతని ఒంటి బరువు, అంతే. ముందుకు వంగితే బరువు కాడి మీద పడి ఎద్దుల మెడలు నలుగుతాయి. మరీ వెనక్కి జరిగితే నొగ పైకి లేస్తుంది. అసలు పరీక్ష మలుపులో. ఎడమకు తిరగాలంటే దాపటి ఎద్దును బిగబట్టి వలపటి ఎద్దును సాగనివ్వాలి. తొందరపడి పగ్గం లాగితే వెనకబండి దాటిపోతుంది, ఆలస్యమైతే లోపలి చక్రం లేచి బండి బోల్తా పడుతుంది. ఆ క్షణం ఎప్పుడన్నది నిబంధనల్లో రాసేది కాదు. అలసిన జత ఎటు గుంజుతుందో, జనం కేకలకు ఏ ఎద్దు బెదురుతుందో ఏళ్లుగా తోలినవాడికే తెలుస్తుంది. రెండు బళ్ల మధ్య సందు కనబడినా దూరకుండా ఆగేవాడే నిజానికి గట్టి సారథి, ఈలలు వేసేవాళ్లు ఒప్పుకోకపోయినా.

అనుభవానికీ హద్దుంది. తిన్నని బాట మీద కార్లు పోటీపడే అమెరికా డ్రాగ్ రేసింగ్‌లో స్కాట్ కలిట్టా 1994, 1995 సంవత్సరాల టాప్ ఫ్యూయెల్ తరగతి విజేత. 2008 జూన్ 21న న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో ఆయన కారు ఇంజన్ పేలింది. కారు ఆగక ట్రాక్ చివర దాటిపోయింది, ఆయన ప్రాణాలు పోయాయి. నిర్వాహకులు వెంటనే అతి వేగమైన తరగతుల కార్ల పందెం దూరాన్ని 402 మీటర్ల నుంచి 305 మీటర్లకు కుదించారు. ఆగడానికి బాట మిగలాలన్నదే లెక్క.

దక్షిణ తమిళనాడు రోడ్ల మీద ఆ మిగులు బాట దొరకదు. ఇరువైపులా జనం, బళ్ల వెంటే మోటారు సైకిళ్లు. ముందున్న బండి తూలితే వెనకవాడి నేర్పు ఎంతున్నా తప్పుకునే చోటుండదు.

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతో పాటు ఎడ్లబండి పందేలనూ నిషేధించింది. 2017లో తమిళనాడు చట్టం సవరించుకుంది. కర్ణాటక, మహారాష్ట్ర కూడా తమ తమ పోటీల కోసం సవరణలు తెచ్చాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం వీటిని సమర్థించింది. వాదోపవాదాలు ప్రధానంగా ఎద్దుల బాధ చుట్టూనే సాగాయి. వెంటపడే మోటారు సైకిళ్లను ఆపడం మాత్రం ఊరి పెద్దల మీద, బందోబస్తు పోలీసుల మీద పడింది.