మస్టర్‌లో లేని పేరు (కూలి చరిత్రలు – 6)



నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ తేదీలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు దొరకవు. పోయిన భాగం చదివి చాలామంది ఒకటే అడిగారు: "పనిలో చచ్చిపోయినోళ్లకు డబ్బులెవరిచ్చారు సార్?"

నా చిన్నప్పుడు పొదిలిలో మా పల్లె నుంచి బిల్డింగు పనికి పోయిన మామ వరస మనిషి ఒకాయన పరంజా మీంచి పడి చనిపోయాడు. పెద్ద కాంట్రాక్టరు "వాడు నా మనిషి కాదు, మేస్త్రీ మనిషి" అన్నాడు. మేస్త్రీ మా పల్లెవాడే. రెండు గేదెలమ్మి మట్టిఖర్చులు పెట్టాడు. ఇన్సూరెన్సు ఉందట. మస్టర్‌లో మా మామ పేరు లేదట.

ఆ "నా మనిషి కాదు" అన్న మాటకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది.

1837లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అనే మాంసం దుకాణం పనివాడు యజమాని బండి విరిగి తొడ విరగ్గొట్టుకున్నాడు. పనికి ఒప్పుకున్నవాడు అందులోని ప్రమాదానికీ ఒప్పుకున్నట్టేనన్న న్యాయం ఆ కేసుతో బలపడింది. 1897లో అక్కడ పరిహార చట్టం వచ్చేదాకా దాదాపు అరవై ఏళ్లు కూలోళ్లకు అదే అడ్డుగోడ. మన దగ్గర 1923లో వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం చేశారు. 1924 జులై 1 నుంచి అమలైంది.

అందులో సెక్షన్ 12 చూడండి. పై కాంట్రాక్టరు తన వ్యాపారంలో భాగమైన పనిని కింది కాంట్రాక్టరుకు అప్పగించినా, ఆ పనిచోట కూలీకి దెబ్బ తగిలితే సొంతంగా పెట్టుకున్న మనిషికిచ్చినట్టే పరిహారం ఇవ్వాలి. ఆ తర్వాత కిందివాడి దగ్గర రాబట్టుకోవచ్చు. అంటే కూలీ గడప గడపా తిరగక్కర్లేదు. పైవాణ్ణే అడగొచ్చు.

మరి ఎందుకు అందదు? చిక్కు పాలసీ దగ్గరుంది. కంపెనీకి ప్రీమియం కట్టేది మనం చూపించిన మనుషుల లెక్క మీద, వాళ్ల జీతాల మీద. పెద్ద కాంట్రాక్టరు తన సొంత సిబ్బందిని చూపిస్తాడు. కింది కాంట్రాక్టరు కూలీలకు పాలసీ వర్తించాలంటే విడిగా చేర్పించి అదనపు ప్రీమియం కట్టాలి. కట్టకపోతే చట్టం బాధ్యత ఆయన మీదే పెడుతుంది, కంపెనీ మాత్రం చేతులెత్తేస్తుంది. ఇక జేబులోంచి తీయాలి. అప్పుడే "నా మనిషి కాదు" అన్న మాట పుడుతుంది.

ఆయన ఇబ్బంది పూర్తిగా అబద్ధమని నేననను. ఇవాళ వచ్చిన కూలీ రేపు రాడు. మేస్త్రీ ఇరవైమందిని తెచ్చి ఎనిమిదిమందిని రాయిస్తాడు. కానీ ఆ పన్నెండు పేర్లు రాయకపోతే ప్రీమియం, పీఎఫ్ మిగిలేది ఎవరికి?

ఇంకో సంగతి. 1923 చట్టం కింద ఇన్సూరెన్సు తప్పనిసరిగా ఉండేది కాదు. అందుకే పరిహారం ఆలస్యమైతే పడే వడ్డీని పాలసీలోంచి మినహాయించుకోవచ్చని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఆ భారం యజమాని మీదే పడుతుంది. ఆ యజమాని తన వంతు మేస్త్రీ మీదికి తోస్తాడు. మేస్త్రీకి పాలసీ ఉండదు. గేదెలుంటాయి.

కులం ఇక్కడ కనిపిస్తుంది. పాలమూరు గుంపు మేస్త్రీల కాలం నుంచీ లాభం పైకి పోతోంది, ప్రమాదం కిందికి దిగుతోంది. చివరి మెట్టు మీద నిలబడేది మాల, మాదిగ, వడ్డెర కుటుంబాలే. చనిపోయినవాడూ మనవాడే, అప్పులపాలయ్యేవాడూ మనవాడే. రెండు ఇళ్లూ ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి. మా పల్లెలో ఆ రెండు ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి మాటల్లేవు.

2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పైవాడి బాధ్యత అందులోనూ ఉంది. కాబట్టి మేస్త్రీలైన మా అన్నలకు ఒక్క మాట. పని ఒప్పుకునే ముందే పై పాలసీ కాపీ అడగండి. మీ కూలీలు అందులో ఉన్నారో లేదో చూడండి. పేర్ల జాబితా ఇచ్చి సంతకం తీసుకోండి. కూలికి పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, హాజరు పుస్తకం ఫొటో, ఫోన్‌లో పడిన కూలి డబ్బుల మెసేజ్, భవన కార్మికుల కార్డు దాచుకోండి. రేపు "నా మనిషి కాదు" అన్నవాడి ముందు పెట్టాల్సింది అవే.

మా మామ పేరు ఏ మస్టర్‌లోనూ లేదు. మీ పేరు రాశారో లేదో ఇవాళ సాయంత్రమే అడగండి.

వచ్చే భాగంలో: భవన కార్మికుల సంక్షేమ బోర్డు.