ఓర్ కొండే గాంధీ కొండ

మా పెంటపాడు వారికి చేలు, కాలువలే తప్ప కొండలు తెలియవు. రైలులో బెజవాడ చేరితే స్టేషను దగ్గరే కనిపించేది గాంధీ కొండ. దాని పూర్వనామం ఓర్ కొండ. 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్ట పని నడిపిన ఇంజనీరు కెప్టెన్ ఓర్. ఆ ఆనకట్టకు 1952లో గండిపడింది; 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు కొండపై 52 అడుగుల గాంధీ స్మారక స్తూపాన్ని ఆవిష్కరించారు. తరువాత పిల్లల రైలు, నక్షత్రశాల ఏర్పడ్డాయి. పైనుంచి నగరమంతా కనిపిస్తుంది.

బాపూజీ పేరు పెట్టడం సముచితమే. అయితే ఓర్ పేరూ పోయింది, కట్టిన కట్టా పోయింది. ఆ నీటితో మొదలైన సేద్యం మాత్రం నేటికీ సాగుతోంది. విశ్రాంత ఉద్యోగిగా నాకది ధైర్యం. రిటైరైన నాడే మన పేరు బల్లలూ తీసేశారు కదా! మనవలను కొండకు తీసుకువెళ్లినప్పుడు రెండు పేర్లూ చెప్పండి.