నొక్కకుండా చూడగలరా?

రొమ్ము క్యాన్సర్‌ను ఎక్స్‌రేతో వెతకడం మొదలైన రోజుల్లో ఆ పరీక్షలో నొప్పి అనే మాటే లేదు. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్ ఎక్స్‌రే తీసింది ఆపరేషన్‌లో తొలగించిన రొమ్ములకు. అలా దాదాపు 3,000 పరిశీలించి, గడ్డ చంకలోని గ్రంథులదాకా ఎలా పాకుతుందో ఆయన గమనించారు. 1930లో అమెరికాలోని రోచెస్టర్‌లో స్టాఫర్డ్ వారెన్ బతికున్న మనుషులకే ఈ ఎక్స్‌రే తీసి చూపించారు. అప్పటికీ నొక్కడమనేది రాలేదు.

అది 1949లో వచ్చింది. ఉరుగ్వే దేశపు రేడియాలజిస్టు రౌల్ లెబోర్నే రొమ్మును నొక్కి పట్టి తీస్తే బొమ్మ ఎంత తేటగా వస్తుందో నిరూపించారు. మందంగా ఉన్నచోట కిరణాలు చెదిరి బొమ్మ మసకబారుతుంది. పొరలు ఒకదానిమీద ఒకటి పడి గడ్డను కప్పేస్తాయి. పలుచగా పరిస్తే పొరలు విడివడతాయి, కదలిక ఆగుతుంది, తక్కువ రేడియేషన్‌తోనే పని జరుగుతుంది. క్యాన్సర్‌కు తొలి ఆనవాళ్లయిన సన్నని సున్నపు చుక్కలు కూడా అప్పుడే కంటబడతాయి. 1960లలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో చార్లెస్ గ్రో చొరవతో సెనోగ్రాఫ్ అనే యంత్రం తయారైంది. రొమ్ము పరీక్ష కోసమే చేసిన తొలి ఎక్స్‌రే యంత్రం అది. నొక్కే ఏర్పాటు అందులోనే ఉంది. అంటే ఈ నొప్పి డాక్టర్ల నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. ప్రాణం కాపాడే బొమ్మ కోసం, తెలిసి తెలిసి చెల్లించిన మూల్యం అది. నన్ను బాధపెట్టేది ఆ తర్వాతి సంగతి. చెల్లించేది ఆడవాళ్లు కాబట్టి ఆ మూల్యాన్ని తగ్గించే ఆలోచన చాలాకాలం ఎవరికీ తొందర పనిగా తోచలేదు.

మామోగ్రామ్ అనే ఈ ఎక్స్‌రే తీసే గదిలో జరిగేది చాలామంది మగవాళ్లకు తెలియదు. గౌను తీసి మెషిన్‌కు ఆనుకుని నిలబడాలి. టెక్నీషియన్ రొమ్మును చేత్తో ఎత్తి కింది పలక మీద పరిచి ముందుకు లాగుతుంది. పైనుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ పలక మెల్లగా దిగుతుంది. పలక చల్లగా ఉంటుంది. దాని అంచు పక్కటెముకలకూ చంక కిందా గుచ్చుకుంటుంది. "కదలొద్దమ్మా, ఊపిరి బిగబట్టండి" అంటారు. కొన్ని సెకన్లే, నిజమే. కానీ ఒక్కో రొమ్ముకు పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి, మొత్తం నాలుగుసార్లు. ఒకసారి బాగా నొప్పి పడ్డ మనిషి రెండో ఏడు రాకపోతే ఆమెను తప్పు పట్టలేం. రాని మనిషికి ఎంత మంచి యంత్రమున్నా ఒకటే.

ఈ నొప్పిని యంత్రం లోపంగా చూసినవాళ్లలో అమెరికన్ సర్జన్ గెయిల్ లెబోవిక్ ముందు వరుసలో ఉంటారు. పలకల మీద అతికించే మెత్తటి ఫోమ్ దిండును ఆమె తయారు చేయించారు. ఎక్స్‌రే కిరణాలకు అది అడ్డురాదు. మామోప్యాడ్ పేరుతో 2000ల మొదట్లో ఆస్పత్రులకు చేరింది. ఇంత చిన్న ఉపాయానికి, లెబోర్నే తర్వాత అర శతాబ్దం పట్టింది.

తర్వాతి అడుగు నెదర్లాండ్స్‌లో పడింది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ ఆస్పత్రి పరిశోధకులు ఒక మామూలు ప్రశ్న వేసుకున్నారు. అందరినీ ఒకే బలంతో నొక్కడం న్యాయమేనా? చిన్న రొమ్ము మీద అదే బలం తక్కువ చోటులో పడుతుంది కాబట్టి ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీళ్ల బిందెను చుట్టకుదురు మీద మోయడానికీ, ఉత్త నెత్తిన మోయడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. బిందె బరువు మారదు, నెత్తికి తెలిసే నొప్పి మారుతుంది. అందుకే వాళ్లు బలాన్ని కాక, తగిలే వైశాల్యాన్ని బట్టి ఒత్తిడిని కొలిచి చూపే పలకను చేశారు. ఒత్తిడి సుమారు 10 కిలోపాస్కల్స్ దగ్గర ఆగితే చాలన్నారు. మన రక్తపోటులో కింది అంకె దాదాపు అంతే ఉంటుంది. అంతకుమించి నొక్కితే నొప్పే తప్ప బొమ్మకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

2017లో జీఈ కంపెనీ మామోగ్రామ్ యంత్రం ప్రిస్టీనాతో వాడే డ్యూయెటా అనే రిమోట్‌కు అమెరికా అనుమతి వచ్చింది. టెక్నీషియన్ కొంతవరకు నొక్కి ఆపుతుంది, మిగతాది పరీక్ష చేయించుకునే మనిషే తన చేతిలోని మీటతో నొక్కుకుంటుంది. నొప్పి ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆమే. 2008లో కోక్రేన్ సంస్థ అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నిటినీ వడపోసి, నొప్పిని ఏది తగ్గించిందో ఏది తగ్గించలేదో చెప్పింది. పారాసిటమాల్ పనిచేయలేదు. మెత్తటి దిండు పనిచేసింది. ఏం జరగబోతుందో ముందుగా నోటితోనో కాగితం మీదో చెప్పడం కూడా నొప్పిని తగ్గించింది.

ఆ చివరి మాట దగ్గరే నాకు పావగడ తాలూకాలోని బలసముద్రం అనే ఊరు గుర్తొస్తుంది. ఆ తాలూకా కర్ణాటకలో ఉన్నా, చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్రానే. ఇళ్లలో తెలుగు, ఆఫీసులో కన్నడ. 2018లో మొదలైన సోలార్ పార్కు కోసం భూములిచ్చిన ఐదు ఊళ్లలో ఇదీ ఒకటి. 2,050 మెగావాట్ల కరెంటు పుట్టే ఆ నేల మీదనుంచి, పేరున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి పోవాలంటే బెంగళూరు కిద్వాయ్ దాకా 150 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. కూలి పోతుంది, తోడు కావాలి. సంతలో బేరమాడేంత కన్నడ మాత్రమే వచ్చిన ముసలామె, ఆస్పత్రిలో "ఎక్కడ గుచ్చుకుంటోందమ్మా?" అని కన్నడలో అడిగితే జవాబు తెలుగులోనే వెతుక్కుంటుంది. నొప్పి తగ్గించే అన్నిటికన్నా చవకైన మందు ముందుగా చెప్పడమే అయినప్పుడు, ఆ చెప్పడం ఆమె భాషలో ఉండాలి. ఇది పెద్ద ఖర్చు కూడా కాదు.

బెంగళూరులోనే ఇంకో దారి తెరుచుకుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త గీతా మంజునాథ్‌కు వరసకు అక్కచెల్లెళ్లయిన ఇద్దరిని రొమ్ము క్యాన్సర్ తీసుకుపోయింది. అప్పుడు ఆమె జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేస్తున్నారు. నిధి మాథుర్‌తో కలిసి 2016లో నిరామై అనే సంస్థ పెట్టారు. వీళ్ల పరీక్షలో పలకలు లేవు, ఎక్స్‌రే లేదు, తాకడం లేదు. చల్లటి గదిలో కాసేపు కూర్చున్నాక, కొన్ని అడుగుల దూరంనుంచి థర్మల్ కెమెరా ఒంటి వేడిని బొమ్మ కడుతుంది. క్యాన్సర్ గడ్డ తనకు కావలసిన రక్తనాళాలను పెంచుకుంటుంది, అక్కడ వేడి కాస్త తేడాగా ఉంటుంది. ఆ తేడాను కంప్యూటర్ పసిగడుతుంది. శివతేజ కాకిలేటి మొదటి రచయితగా 2020లో జేసీఓ గ్లోబల్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, క్యాన్సర్ ఉన్నవాళ్లలో 91 శాతాన్ని ఈ పద్ధతి పట్టుకుంది. క్యాన్సర్ లేనివాళ్లలో 82 శాతం మందికి లేదని సరిగానే చెప్పింది.

సిగ్గుతో ఆగిపోయే మనిషికి ఇది ఎంత ఊరటో వేరే చెప్పాలా? అయినా ఇక్కడ జాగ్రత్త అవసరం. వేడితో క్యాన్సర్ వెతికే ఆలోచన 1956లో మాంట్రియల్‌లో రే లాసన్‌తోనే మొదలైంది. 1970లలో అమెరికాలో జరిగిన పెద్ద స్క్రీనింగ్ కార్యక్రమంలో దాన్ని చేర్చి, తప్పులు ఎక్కువ వస్తున్నాయని మధ్యలోనే తీసేశారు. ఇప్పుడు కంప్యూటర్ సాయంతో ఆ పద్ధతి మెరుగైన మాట నిజం. కానీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇప్పటికీ థర్మోగ్రఫీ అనే ఈ వేడి పరీక్ష మామోగ్రామ్‌కు బదులు కాదనే అంటోంది, పక్కన తోడుగా వాడుకోవడానికే అనుమతిస్తోంది. నొప్పి లేదు కదా అని గడ్డను వదిలేసే పరీక్ష ఎవరికీ వద్దు.

నొప్పి లేని పరీక్ష ఇంకొకటి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అది చేతితో చేసేది. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్ ఇంద్రనీల్ మిత్రా బృందం 1998లో మొదలుపెట్టి 1,51,538 మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వాడలకు వెళ్లి, వాళ్లలో దాదాపు సగం మందిని రెండేళ్లకోసారి చేతితో తడిమి చూశారు. 2021లో బీఎంజేలో వచ్చిన ఫలితాల్లో, గడ్డలు ముందు దశలోనే దొరికాయి, 50 దాటినవాళ్లలో మరణాలు 30 శాతం దాకా తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో మాత్రం మరణాల్లో తేడా కనపడలేదు. మన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కూడా 30 దాటిన ఆడవాళ్లకు ఈ చేతి పరీక్షనే నిర్ణయించింది. బలసముద్రానికి ముందు రావలసింది ఇదేనని నా నమ్మకం. శ్రద్ధగా శిక్షణ పొందిన నర్సమ్మ, తలుపు వేసుకునే గది, తెలుగు మాట.

చేతికి గడ్డ తగిలితే మాత్రం ఆగకూడదు. వయసును బట్టి అల్ట్రాసౌండో మామోగ్రామో, అవసరమైతే ముక్క తీసి పరీక్షో చేయించుకోవాల్సిందే. గడ్డ లేకుండా మామూలు పరీక్షకే పోతుంటే, నెలసరి వచ్చేవాళ్లు అది అయిపోయిన వారంలో వెళ్తే రొమ్ముల సలుపు తక్కువుంటుంది, నొప్పీ తగ్గుతుంది. మెత్తటి దిండు ఉందేమో అడగండి. పలక దిగకముందే ఏం చేస్తారో తెలుగు తెలిసినవాళ్లతో చెప్పించమనండి. నొప్పి భరించలేనిదైతే ఆపమని చెప్పే హక్కు మీకుంది.