ఓడ ఎక్కే మూటలో ఏముండేది?

మా హనుమంతునిపాడుకి సముద్రం పొరుగేం కాదు. ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోతే గానీ కెరటం కనపడదు. అయినా ఈమధ్య మా వైపు వాళ్ళు కూడా క్రూయిజ్ ఓడలు ఎక్కుతున్నారు. 2022 జూన్‌లో విశాఖపట్నానికే ఒక క్రూయిజ్ ఓడ వచ్చి జనాన్ని పుదుచ్చేరి, చెన్నై తిప్పింది. పిల్లలు సింగపూర్‌లో ఉంటే అమ్మానాన్నల్ని అక్కడే ఎక్కిస్తున్నారు. దాంతో "వదినా, ఓడలోకి ఏమేం సర్దుకోవాలి?" అనే ఫోన్లు మొదలయ్యాయి. నేనెక్కింది శ్రీశైలం డ్యాం దగ్గర బోటు మాత్రమే. కానీ మూట కట్టడం మా ప్రాంతం ఆడవాళ్ళకి ఒకరు నేర్పాలా? వాన ముఖం చాటేసిన ఏడు పనులకి ఊళ్ళు దాటే ఇళ్ళు మావి. వారం నిలవుండే జొన్నరొట్టెలు, వంకాయ ఒరుగులు, కందిపొడి, చింతపండు ముద్ద ఏ సంచిలో ఏది అడుగున పెట్టాలో చిన్నప్పుడే వచ్చేస్తుంది.

అందుకని ఈసారి జాబితా రాసే ముందు, మనకంటే ముందు ఓడలెక్కిన వాళ్ళు ఏం పట్టుకెళ్ళారో కాస్త చూద్దామనిపించింది. చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, ఓడల చరిత్రలో సగం వంటింటి చరిత్రే. దాన్ని రాసినవాళ్ళు మాత్రం వంటింట్లోకి పెద్దగా తొంగిచూడలేదు.

ముందు పులుపు సంగతి. పాతకాలం ఓడల్లో నెలల తరబడి ఉప్పు మాంసం, ఎండు బిస్కెట్లు తిని నావికులకి చిగుళ్ళు వాచి, రక్తం కారి, పాత గాయాలు మళ్ళీ తెరుచుకుని చనిపోయేవాళ్ళు. స్కర్వీ అంటారు. యుద్ధాల్లో పోయినవాళ్ళకంటే దీంతో పోయినవాళ్ళే ఎక్కువ అని ఇంగ్లీషు నౌకాదళం వాళ్ళే లెక్కలు చూసుకుని బాధపడిన రోజులున్నాయి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు సాలిస్‌బరీ అనే నౌకలో ఈ జబ్బు చేసిన 12 మందిని తీసుకుని, ఇద్దరిద్దరికి ఒక్కో రకం మందు ఇచ్చి చూశాడు. ఒక జంటకి వెనిగర్, ఒక జంటకి సముద్రపు నీళ్ళు, ఒక జంటకి రోజుకి రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. పళ్ళు తిన్న ఇద్దరూ వారం తిరక్కుండా లేచి తిరిగారు. అంత తేటగా తేలినా నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని ఒప్పుకునేసరికి 1795 వచ్చింది. ఈలోపు లిండ్ గారే ఒక పొరపాటు సలహా కూడా ఇచ్చాడు. నిమ్మరసం నిలవ ఉండాలని మరిగించి చిక్కబరచమన్నాడు. మరిగిస్తే అందులోని సత్తువ పోతుంది. ఉసిరికాయని మనం ఉడకబెట్టకుండా ఎండబెట్టి ఒరుగులు చేసుకోవడం వెనక ఎంత ఆలోచన ఉందో చూడండి.

1768లో కెప్టెన్ కుక్ ఎండెవర్ ఓడలో బయలుదేరినప్పుడు దాదాపు మూడున్నర టన్నుల పులియబెట్టిన క్యాబేజీ ఎక్కించుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఊరగాయే. నావికులు మొహం చిట్లించారు, ముట్టమన్నారు. కుక్ వాళ్ళని కొట్టలేదు, తిట్టలేదు. రోజూ ఆఫీసర్ల భోజనం బల్ల మీద దాన్ని వడ్డించమని, మిగతావాళ్ళు కావాలంటే తినండి లేకపోతే మానండి అన్నాడు. దొరలు తింటున్నారని చూసి అందరూ ఎగబడ్డారు. వారం తిరిగేలోపు మనిషికింత అని కొలిచి పెట్టాల్సి వచ్చింది. కాకరకాయ తినని పిల్లలున్న ఇళ్ళలో ఈ ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది.

నీళ్ళ సంగతికొస్తే, 1902లో జైపూర్ మహారాజు రెండో మాధోసింగ్, ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకానికి ఇంగ్లండు బయలుదేరాడు. సముద్రం దాటితే ఆచారం చెడుతుందన్న భయం. ఒలింపియా అనే ఓడని మొత్తం అద్దెకి తీసుకుని, మనిషెత్తు వెండి కాగుల్లో గంగనీళ్ళు నింపుకుని వెళ్ళాడు. ఒక్కో కాగు 345 కిలోలు. ఇప్పటికీ జైపూర్ సిటీ ప్యాలెస్‌లో చూడొచ్చు. అది చదివి జనం నవ్వుకుంటారు గానీ, కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్ళ మధ్య పెరిగిన నాకు నవ్వు రాలేదు. చుట్టాలింటికి పోతూ తాగే నీళ్ళు క్యాన్లో పట్టుకెళ్ళేవాళ్ళని నేను ఎరుగుదును. ఆయనది వెండి, మనది ప్లాస్టిక్, అంతే తేడా.

మన తెలుగులో ప్రయాణం సర్దుబాటు గురించి ఇంటి మనిషిలా ఆలోచించి రాసినాయన ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. మన నల్లమలకి అవతలి వైపు నుంచి, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్ళాడు. సముద్రం మీద కాదు గానీ గంగలో పడవ మీద చాలా దూరం పోయాడు. ఏ మజిలీలో నీళ్ళు బాగున్నాయి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి నీడ ఉంది అని రాసుకుంటూ పోయాడు. 1838లో పుస్తకంగా వచ్చిన ఆ కాశీయాత్ర చరిత్రని సాహిత్యం అని చదువుతారు. నాకు మాత్రం అది వెనక వచ్చేవాళ్ళు ఏం మోసుకురావాలో, ఏది మోసుకురానక్కర్లేదో చెప్పే కాగితంలా కనపడుతుంది. సర్దడంలో కష్టమంతా ఆ రెండోదే కదా.

బట్టల విషయంలో గాంధీగారి కథ ఒకటుంది. 1888 సెప్టెంబరులో బొంబాయిలో ఓడెక్కినప్పుడు ఆయనకి పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి చెంచా, ముల్లుతో తినడానికి సిగ్గుపడి, ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళతోనే ఎక్కువగా గడిపాడట. దిగేరోజుకని తెల్ల ఫ్లానెల్ దుస్తులు దాచి ఉంచాడు. తీరా ఓడ దిగేసరికి సెప్టెంబరు నెలాఖరు. అంతమందిలో తెల్లబట్టలు వేసుకున్నది తనొక్కడే. మార్చుకుందామంటే సామానూ తాళాలూ ఏజెంట్ల చేతికి వెళ్ళిపోయాయి, మర్నాడు ఆదివారం. ఇదంతా ఆయన ఆత్మకథలోనే ఉంది.

ఇవాళ్టి క్రూయిజ్‌లో కూడా ఇదే జరుగుతుంది. రేవులో పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు. అవి గదికి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. కాబట్టి బీపీ, షుగరు మాత్రలు, ఒక జత బట్టలు, కళ్ళజోడు, పాస్‌పోర్టు జిరాక్సు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఓడ గదుల గోడలు చాలావరకు ఇనుపరేకువి, మేకు కొట్టే పని లేదు. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతాల్లాంటి కొక్కేలు నాలుగు పట్టుకెళితే తువ్వాళ్ళు, టోపీలు తగిలించుకోవచ్చు. బట్టల క్లిప్పులు అరడజను. కిటికీ లేని గది తీసుకుంటే పట్టపగలే కారుచీకటి, చిన్న బెడ్‌లైటు అవసరం. కడుపులో తిప్పడానికి శొంఠి. అది చాలనివాళ్ళు డాక్టరుని అడిగి మాత్రలు రాయించుకోవాలి. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, అగరొత్తులు పెట్టనివ్వరు. చాలా కంపెనీలు ఇంట్లో చేసిన తిండిని కూడా లోపలికి రానివ్వవు. ఓడల్ని బతికించిన ఊరగాయకి ఓడలోనే చోటు లేకుండా పోయింది. సీలు వేసిన ప్యాకెట్లయితే కొందరు ఒప్పుకుంటారు, ముందే అడిగి చూసుకోవడం మంచిది.

ఇంతవరకూ చెప్పినవాళ్ళంతా తిరుగు ప్రయాణం లెక్కవేసుకుని వెళ్ళినవాళ్ళు. తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఓడ ఎక్కింది అలా కాదు.

1860 అక్టోబరులో చెన్నపట్నం నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది, చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళు. ఆ తర్వాత 1911 దాకా నటాల్‌కి వెళ్ళిన భారతీయులు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. వాళ్ళలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ బాగా ఉన్నారు. ఆ ఓడల చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఆఖరికి ఒంటిమీది పుట్టుమచ్చలు కూడా రాశారు. చేతిలో మూట ఉందా, ఉంటే అందులో ఏముంది అన్న గడి మాత్రం ఆ చిట్టాలో లేదు.

ఫిజీకి 1879లో కలకత్తా నుంచి, 1903 నుంచి చెన్నపట్నం నుంచి కూడా ఓడలు వెళ్ళాయి. 1916 దాకా వెళ్ళినవాళ్ళు అరవై వేల పైమాటే. మెడలో నంబరు వేసిన రేకుబిళ్ళ, ఒక రేకుపళ్ళెం, ఒక చెంబు, కప్పుకోను కంబళి ఇచ్చేవారు. తిండి ఓడవాళ్ళే వండి పెట్టేవారు. ప్రతి వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం. ఆ నలభై మందిలో చంటిపిల్లలతో వెళ్ళినవాళ్ళు, భర్త పోయి వెళ్ళినవాళ్ళు, ఇంట్లో చెప్పకుండా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఇంట్లో చెప్పకుండా వెళ్ళే మనిషి కొంగులో ఏం కట్టుకుంటుందో మీరూ నేనూ ఊహించుకోగలం. నాలుగు ఎండు మిరపకాయలు, కాస్త పసుపుకొమ్ము.

ఇది ఊహే. కాకపోతే కొన్ని గుర్తులు మిగిలాయి. మారిషస్‌లో ఈరోజుకీ క్రియోల్ భాషలో కరివేపాకుని కారిపులే అంటారు. అది తమిళుల కరువేప్పిలై. మునగాకుని బ్రెద్ మురుం అంటారు, మురుంగై నుంచి. మొక్క ఎవరి చేత్తో వెళ్ళినా, దాన్ని కూరలో వేసి పేరు నిలబెట్టింది మాత్రం దక్షిణాది పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళే. మన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అన్నారు, గోదావరి పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. ఆ రేవు 1839 నవంబరు ఉప్పెనలో నాశనమైపోయింది. పేరు మాత్రం అటు మారిషస్‌లోనూ ఇటు రంగూన్‌లోనూ బతికింది. మారిషస్ తెలుగువాళ్ళు ఇప్పటికీ అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ చేసుకుంటారు. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. అన్నిటికంటే బరువులేని సామాను అదేనేమో.

మలయా వెళ్ళినవాళ్ళ సంగతి కొంచెం నయం, రాకపోకలుండేవి. 1926లో కట్టిన రజులా అనే ఓడ చెన్నై, నాగపట్నం నుంచి పినాంగ్, సింగపూర్ దాకా 1973 వరకూ తిరిగింది. మొదట్లో ఐదువేల మందికి పైగా ఎక్కించుకునేది. వాళ్ళలో ఎక్కువమంది డెక్కు మీద ప్రయాణించేవాళ్ళే. డెక్కు టిక్కెట్టంటే మంచం లేదు, గది లేదు. చాప పరిచినంత మేరే మన ఇల్లు. కాబట్టి ఆ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన సామాను చాప. ఈనాటి పెట్టెల సలహాల్లో చాప మాట ఎక్కడా ఉండదు.

పెరుగు తోడు ఎలా వెళ్ళేది అని మీకు అనుమానం రావచ్చు, నాకైతే మొదట వచ్చింది అదే. గుడ్డని పెరుగులో ముంచి నీడన ఎండబెట్టి మడిచి పెట్టుకుంటే, దిగాక గోరువెచ్చని పాలలో వేస్తే తోడుకుంటుంది. అదీ లేకపోతే మిరపకాయ తొడిమలు. పాలలో నాలుగు వేసి ఉంచితే మొదటిసారి కాస్త పలచగా తోడుకున్నా, ఆ పెరుగుతో మళ్ళీ వేసినప్పుడు గట్టిగా వస్తుంది. విమానాల్లో అమెరికా వెళ్ళిన తొలి తరం ఆడవాళ్ళు కూడా ఎండబెట్టిన చేతిరుమాళ్ళలో తోడు పట్టుకెళ్ళారు.

ఇక బర్మా. మూట గురించి మాట్లాడుతూ బర్మాని దాటేయలేం. కాకినాడ, విశాఖ, గోపాలపురం రేవుల నుంచి ఏటా వేలమంది రంగూన్ వెళ్ళేవాళ్ళు, వరికోతలకి, బియ్యం మిల్లులకి, రేవు పనికి. 1931 నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర పైనే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు కొందరే. లక్షల మంది అరకాన్ దారినా, మణిపూర్ దారినా కొండలూ అడవులూ పట్టుకుని కాలినడకన వచ్చారు. ఎంతోమంది దారిలోనే రాలిపోయారు. ఆ దారిలో మూట ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇత్తడి బిందె బరువని వదిలేయాలా, చంటిపిల్లని ఎత్తుకోవడానికి చేతులు ఖాళీ ఉంచుకోవాలా అన్న లెక్క అది.

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ అక్కడికే వెళ్ళారు. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964 మార్చిలో దుకాణాలు ప్రభుత్వపరం చేశారు, మేలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. మనవాళ్ళు మళ్ళీ ఓడలెక్కారు, ఈసారి ఇటువైపు. ఏం తీసుకెళ్ళవచ్చో ఇంటి ఇల్లాలు తేల్చుకోలేదు, రేవులో నిలబడ్డ అధికారి తేల్చాడు. డబ్బుకీ బంగారానికీ గట్టి హద్దులు పెట్టారు. ఒక జీవితకాలం కాపురం, తనిఖీ బల్ల మీద విప్పిన మూటగా మిగిలింది.

విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఒక పేట ఉంది. ఆ ఊరికి క్రూయిజ్ ఓడ వచ్చే రేవు నుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు.