చీముపట్టిన కీలు

పంతొమ్మిదో శతాబ్దం మూడు వంతులు గడిచేదాకా ఐరోపా శస్త్రవైద్యులు మోకాలి కీలును తెరవడానికి జంకేవారు. కత్తి తగిలిన కీలు తరచుగా చీముపట్టి రోగి కాలినో ప్రాణాన్నో బలిగొనేది. అసలు కత్తే తగలని పసిబిడ్డల కీళ్లలోనూ చీము చేరగలదని 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి వైద్యుడు థామస్ స్మిత్ వివరించాడు. ఆయన వర్ణించిన 21 మంది శిశువుల్లో 13 మంది మరణించారు.

ఆ చీముకు మూలాన్ని పట్టుకున్నవాడు స్కాట్లండ్‌లోని అబర్డీన్ నగరానికి చెందిన అలెగ్జాండర్ ఆగ్‌స్టన్. కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరచే లిస్టర్ పద్ధతిని నమ్మి, లోపలికి వంగిన మోకాళ్లను సరిచేయడానికి కీలులోకే పరికరం దింపిన సాహసి ఆయన. 1880లో ఒక రోగి కాలి గడ్డ నుంచి తీసిన చీమును సూక్ష్మదర్శినిలో చూడగా, గుండ్రని సూక్ష్మజీవులు గుత్తులుగాను గొలుసులుగాను కనిపించాయి. ఇంటి వెనుకనే ప్రయోగశాల కట్టుకుని, వాటిని కోడిగుడ్లలో పెంచి, ఎలుకలకు ఎక్కించి మళ్లీ గడ్డలు రప్పించాడు. వేడి, ఎరుపు లేని చల్లగడ్డల్లో మాత్రం అవి కనబడలేదు. గుత్తులుగా పెరిగే జీవికి 1882లో స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. కీళ్లలోనూ కండరాల్లోనూ చీము పుట్టించేవాటిలో నేటికీ అదే ముందుంటుంది. 1884లో గ్రామ్ అనే వైద్యుడు కనిపెట్టిన, సూక్ష్మజీవులకు రంగు పట్టించే పద్ధతి తోడవడంతో, సూదితో కీలు ద్రవాన్ని లాగి సూక్ష్మజీవి రకాన్ని గుర్తించే దారి ఏర్పడింది. కండరాల సంగతి వేరు: లోతైన కండరంలో చేరిన చీము పైకి ఎర్రబడకుండా, ఉత్త బెణుకులా చాలాకాలం మోసగిస్తుంది.

చికిత్స మాత్రం నిదానంగానే మారింది. కీలును కదలకుండా బద్దలు కట్టడమే నియమమైన మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, బెల్జియం వైద్యుడు విలెమ్స్ కీలును విశాలంగా తెరిచి, రోగి చేతనే వెంటనే కదిలింపజేసేవాడు. ప్రతి కదలికకూ చీము బయటికి వచ్చేది, కీలూ బిగుసుకుపోయేది కాదు. సహచరులకు ఇది దుస్సాహసంగా తోచడంలో వింత లేదు.

1941లో ఆక్స్‌ఫర్డ్‌లో పెనిసిలిన్‌తో తొలిసారి చికిత్స పొందిన పోలీసు ఉద్యోగి స్టెఫిలోకాకస్ వ్యాధి నుంచి తేరుకుంటూనే, మందు నిండుకోవడంతో మరణించాడు. తరువాత మందు సమృద్ధిగా దొరికినా కత్తికి, సూదికి పని తప్పలేదు. చీములోని ఎంజైములు, అంటే కణజాలాన్ని కరిగించే రసాయనాలు, కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తాయి, పోయిన మృదులాస్థిని ఏ మందూ తిరిగి తేలేదు. పెనిసిలిన్‌ను తట్టుకునే జాతుల కోసం 1959లో తెచ్చిన మెథిసిలిన్‌కు సైతం లొంగని స్టెఫిలోకాకస్ 1961 నాటికే బ్రిటన్‌లో బయటపడింది.